ఇంక్‌స్కేప్‌ ప్యాటర్న్‌లో అతుకు కనిపిస్తోందా? కారణాలు, పరిష్కారాలు

ఏ అతుకు సమస్యైనా సరే, ముందు టైల్‌ను (ప్యాటర్న్‌లో పదేపదే రిపీట్ అయ్యే ముక్క) పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసి గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో తెరవండి. లేయర్ మెనూలోని ఆఫ్‌సెట్‌తో సగం వెడల్పు, సగం ఎత్తు జరపండి. నాలుగు అంచులూ బొమ్మ మధ్యకు వచ్చేస్తాయి. అతుకు ఉంటే అక్కడ ప్లస్ గుర్తులా కనిపిస్తుంది. అర నిమిషం పని. ఇది చేయకుండానే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది.

స్క్రీన్ మీద సన్నటి గీత ఉంది, పీఎన్‌జీలో లేదు

టైల్ అంచు పిక్సెల్ మధ్యలో పడితే రెండు వైపుల రంగూ ఆ పిక్సెల్‌ను పూర్తిగా నింపదు, వెనక తెలుపు తొంగిచూస్తుంది. జూమ్ మారిస్తే గీత చోటు మారుతుంది, లేదా మాయమవుతుంది. ఫైల్‌లో తప్పేం లేదు, వదిలేయండి.

పీఎన్‌జీలోనూ గీత ఉంది

బ్యాక్‌గ్రౌండ్ రెక్టాంగిల్ ఎక్స్, వై అంకెలు చూడండి. అక్కడ 0.37 లాంటిది ఉంటే అంచు వరస పిక్సెళ్లు సగం పారదర్శకంగా వస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ ఒకే రంగైతే దాన్ని పేజీ దాటి నాలుగు వైపులా 10 పిక్సెళ్లు పెంచి, సెలెక్షన్ కాకుండా పేజీనే ఎక్స్‌పోర్ట్ చేయండి.

గీత లేదు, కానీ అంచు దగ్గర బొమ్మ కొద్దిగా తప్పుతోంది

మాయదారి సమస్య ఇదే. లెక్కలన్నీ సరిగ్గానే ఉంటాయి, బొమ్మ మాత్రం కలవదు.

కలంకారీ తరహా డిజైన్ వేస్తున్నారనుకుందాం. టైల్ 600 × 600. అంచు కనబడాలని రెక్టాంగిల్‌కు 2 పిక్సెళ్ల స్ట్రోక్ (అంచు గీత) ఇచ్చి, వెడల్పు గడిలో 600 కొట్టారు. ఎడమ అంచు దాటిన మామిడి పిందెను కాపీ చేసి సరిగ్గా 600 కుడికి జరిపారు. చివర్లో అక్కర్లేదని స్ట్రోక్ తీసేశారు. ఇప్పుడు వెడల్పు గడి చూడండి: 598.

మనం మార్చకపోతే ఇంక్‌స్కేప్ కొలిచేది విజువల్ బౌండింగ్ బాక్స్‌తో. అంటే స్ట్రోక్ మందాన్నీ, నీడకిచ్చిన బ్లర్‌నూ కూడా కొలతలో కలిపేస్తుంది. మీరు ఇచ్చిన 600లో 2 స్ట్రోక్‌వే. పిందె 600 జరిగింది, టైల్ మాత్రం 598కే మళ్లీ మొదలవుతోంది. రెండే కదా అనుకోవద్దు. 150 డీపీఐలో (అంగుళానికి 150 చుక్కలు) 600 పిక్సెళ్లంటే 4 అంగుళాలు, మీటరు బట్ట మీద ఆ తప్పు దాదాపు పదిసార్లు వరసగా పడుతుంది. చీర మొత్తానికి ఎన్నో మీరే లెక్కేసుకోండి.

ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో టూల్స్‌కు వెళ్లి జామెట్రిక్ బౌండింగ్ బాక్స్ ఎంచుకోండి. రెక్టాంగిల్ స్ట్రోక్ తీసేసి వెడల్పు, ఎత్తు 600, ఎక్స్, వై 0 ఇవ్వండి. అంచు దాటిన ప్రతి మోటిఫ్‌కూ కంట్రోల్ డి కొట్టి కాపీ తీసి, షిఫ్ట్ కంట్రోల్ ఎం నొక్కి ట్రాన్స్‌ఫార్మ్ ప్యానెల్ తెరిచి, రిలేటివ్ మూవ్ టిక్ పెట్టి 600 జరపండి. మౌస్‌తో ఈడ్చి స్నాప్‌ను నమ్ముకోవద్దు. మూల మీద పడిన మోటిఫ్ నాలుగు మూలల్లోనూ ఉండాలి. చాలామంది రెండింటితో ఆపేస్తారు.

ఆబ్జెక్ట్స్ టు ప్యాటర్న్ వాడేవాళ్లకు ఇంకోటి. ముందు బొమ్మలన్నీ గ్రూప్ చేసి 600 చదరంతో క్లిప్ చేయండి, అంటే చదరం బయటిది దాచేయండి. లేకపోతే ఎంచుకున్నవాటి మొత్తం కొలతే రిపీట్ అవుతుంది. ఎడమకు 38, కుడికి 40 దాటాయనుకోండి, రిపీట్ 678 అయి మధ్యలో ఖాళీలు వస్తాయి.

మిగతావి

చాలా పాత ఫైల్‌లో కొలతలు తేడాగా ఉంటే, 0.92కు ముందు వెర్షన్లలో అంగుళానికి 90 పిక్సెళ్లు, ఆ తర్వాత 96 అని గుర్తుంచుకోండి. బ్లర్ అంచున తెగుతుంటే ఆ నీడను లోపలికి జరపండి, అంతే.

హాఫ్ డ్రాప్‌లో (పక్క నిలువు వరస సగం ఎత్తు కిందికి దిగే రిపీట్) మాత్రం కాపీ 600 కుడికీ, 300 కిందికీ జరగాలి. దాన్ని మామూలు టైల్‌గా వాడాలంటే వెడల్పు 1200 పెట్టాలి. 600తోనే సరిపెడితే ఎంత సరిచేసినా అంచులు కలవవు.