పాత మాటను రాబట్టడం – 4వ పాఠం: స్లావుల ‘నలుపు’

ఎక్కడా రాసి దొరకని, లెక్కగట్టి రాబట్టిన రూపం ముందు నక్షత్రం గుర్తు పెడతారని పోయిన పాఠంలో చూశాం. ఈసారి రష్యన్, పోలిష్, సెర్బియన్ లాంటి స్లావిక్ భాషలన్నిటికీ తల్లి అయిన మూల స్లావిక్‌లోని ఒక విశేషణాన్ని మనమే రాబడదాం.

ఈ మాటల్ని ఒకదాని కింద ఒకటి రాసుకోండి: రష్యన్ చోర్నీ, పోలిష్ చార్నీ, చెక్ చెర్నీ, స్లొవేనియన్ చృన్, సెర్బియన్ త్సృన్. అన్నిటికీ అర్థం ‘నల్లని’. సెర్బియన్‌లో ఆ ఋ అసలైన అచ్చు. మనం బడిలో దాన్ని అచ్చుల్లో చదువుకుని ‘రు’ అని పలికేస్తాం!

త్సృన్ చూడగానే సంస్కృత ‘కృష్ణ’ గుర్తొచ్చి, ఆ ఋ అలాగే దిగివచ్చిందని అనిపిస్తుంది. చుట్టరికం నిజమే, దారి మాత్రం అది కాదు. ఋ అలాగే ఉండిపోతే దాని ముందు క కూడా మిగలాలి. ఇక్కడ చ, త్స ఉన్నాయి. స్లావిక్‌లో క చ కావాలంటే దాని వెనకే ఇ, ఎ లాంటి అచ్చు ఉండాలి. ఇది మనకు కొత్తేమీ కాదు: కన్నడంలో కివి, మనకు చెవి.

కాబట్టి క పక్కన ఒకప్పుడు ఇకారం ఉంది. సంస్కృతానికీ స్లావిక్‌కూ ఉమ్మడి మూలమైన మూల ఇండో-యూరోపియన్‌లోని *కృస్నొస్ మాటలో ఉన్న ఋ, బాల్టిక్ (లిథువేనియన్, ప్రష్యన్ లాంటివి), స్లావిక్ భాషల ఉమ్మడి దశ అయిన బాల్టో-స్లావిక్‌లో ‘ఇర్’ అయింది, ‘కిర్’ కాస్తా ‘చిర్’ అయింది. సెర్బియన్ ఋ ఆ ఇకారం జారిపోయాక కొత్తగా పుట్టింది. ర ముందరి చ అక్కడ త్సగా మారింది. స్లొవేనియన్ చ దగ్గరే ఆగింది.

మరి *కృస్నొస్‌లో న ముందరి స ఏమైంది? ర, ఉ, క, ఇ తర్వాత వచ్చే స సంస్కృతంలో ష అవుతుంది. కృష్ణలో ష అలా వచ్చిందే. స్లావిక్‌లో అదే చోట గొంతులో ఒరుసుకునే ఖ వస్తుంది. ర, న మధ్య ఇరుక్కున్న ఆ ఖ ఊడిపోయి *చిర్ను మిగిలింది. అందులోని ఇ, ఉ మామూలు హ్రస్వం కన్నా పొట్టివి. ఇదంతా ఊహ కాదనడానికి సాక్షి, ఎప్పుడో అంతరించిన బాల్టిక్ భాష ప్రాచీన ప్రష్యన్. జర్మన్ మాటలకు ప్రష్యన్ మాటలిచ్చే, 802 మాటలున్న ఎల్బింగ్ పదపట్టికలో ‘నల్లని’ అనే అర్థంలో ‘కిర్స్నన్’ ఉంది. అందులో క, స రెండూ చెక్కుచెదరలేదు. లిథువేనియాలో కిర్స్నా అనే నది కూడా ఉంది. మన కృష్ణకు పేరులో చుట్టమన్నమాట.

అర్థాల సంగతికొస్తే, ఈ మాట రంగు దగ్గరే ఆగలేదు. రష్యన్‌లో నల్ల అంగీ తొడిగే సన్యాసి ‘చెర్నెత్స్’, అలగాజనం ‘చేర్న్’. బల్గేరియన్‌లో కాలేయం నల్ల ‘ద్రోబ్’ (ఒంట్లోని లోపలి అవయవం), ఊపిరితిత్తి తెల్ల ‘ద్రోబ్’. సెర్బియాలో ఎర్ర వైన్ అడగాలంటే ‘నల్ల వైన్’ అనాలి. చెర్నోబిల్ అన్నది ఒక మొక్క పేరు: నల్ల కాడ మొక్క. వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రి జాతే.

అభ్యాసం: ‘ఎండిన’ అనే అర్థంలో లిథువేనియన్ సౌసస్, రష్యన్ సుఖోయ్, సంస్కృత శుష్క. రష్యన్ ఖ ఎక్కడిదో చెప్పండి. సంస్కృతంలో మొదటి శ పక్కనున్న ష ప్రభావంతో వచ్చింది, దాన్ని వదిలేయండి. రష్యన్‌లో మాట మొదటి స మాత్రం ఖ కాకుండా ఎందుకు మిగిలిందో కూడా రాయండి.