థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా పిక్కలు పట్టేస్తున్నాయా?

"పిక్క పట్టీసింది" అని అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. కాలివేళ్లు వెనక్కి లాగడం, రుద్దడం, ఉప్పేసిన మజ్జిగ తాగడం అందరికీ తెలిసినవే. వరికోతల్లో చెమటోడ్చిన రోజే వస్తే వాటితో సరిపోతుంది. పని లేని రోజూ వస్తోందా? నీరసం, మలబద్ధకం, చలికి ఆగలేకపోవడం తోడయ్యాయా? ముందు టీఎస్‌హెచ్ చేయించండి. అది థైరాయిడ్‌కి చేసే రక్తపరీక్ష, థైరాయిడ్ తక్కువైతే ఆ అంకె పెరుగుతుంది. ఆ ఒక్క పరీక్ష వదిలేసి నెలల తరబడి బలం మాత్రలు మింగేవాళ్లను చూస్తుంటే బాధేస్తుంది.

మాత్ర వాడుతున్నా తగ్గలేదు

మా పిన్నిది ఆమదాలవలస. థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్‌ను 50 మైక్రోగ్రాముల నుంచి 100కి పెంచినా టీఎస్‌హెచ్ దిగలేదు, పిక్కలూ వదల్లేదు. డోసు చాలట్లేదనే నేనూ అనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే వాళ్లింట్లో ఉన్నాను. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో అరచేతిలో థైరాయిడ్ మాత్ర, కాల్షియం బిళ్ల, ఐరన్ బిళ్ల. "ఒక్కపాలే ఏసీసుకుంటే మర్సిపోను గదమ్మా" అంది.

కాల్షియం, ఐరన్ కడుపులో థైరాక్సిన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. రోజూ మింగుతున్నట్టే ఉంటుంది, రక్తంలోకి చేరేది కొంతే.

థైరాయిడ్ మాత్ర పరగడుపున, మంచినీళ్లతో. టీకి కనీసం అరగంట ముందు, గంటయితే మరీ మంచిది. కాల్షియం, ఐరన్ అయితే 4 గంటలు ఆగాకే. పిన్నికి కాల్షియం మధ్యాహ్నం భోజనానికి, ఐరన్ రాత్రికి మార్చాం. 8 వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తే డోసు తగ్గించాల్సి వచ్చింది! అందుకే వేళలు మార్చాక 6 నుంచి 8 వారాల్లో టీఎస్‌హెచ్ తప్పకుండా చూపించుకోండి.

ఖనిజాల సంగతి

పెదవుల చుట్టూ తిమ్మిరి, చేతివేళ్లు కొంకర్లు పోవడం కాల్షియం పడిపోయిన గుర్తు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఇలా అయితే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. కాల్షియం ఎంత వేసినా నిలబడకపోతే మెగ్నీషియం చూడమనండి. ఏళ్లుగా గ్యాస్ మాత్రలు, బీపీకి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వాడేవాళ్లలో అది తగ్గుతుంటుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, అంటే కవిటి, సోంపేట, పలాస వైపు వాళ్లకు మరీ మరీ చెబుతున్నాను. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసుకోకుండా పొటాషియం, మెగ్నీషియం మందులు ముట్టుకోవద్దు. కిడ్నీ దెబ్బతింటే అవి బయటికి పోవు, పొటాషియం గుండె మీదికి వస్తుంది. రోజూ కొబ్బరినీళ్లు తాగినా ఆ ప్రమాదమే. పిక్కలు పట్టడానికి కిడ్నీయే కారణం కావచ్చు కూడా.

కొలెస్ట్రాల్ మాత్ర మొదలెట్టాకే నొప్పులొస్తే డాక్టరుకు చెప్పండి. ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, నొప్పి వదలకపోతే మాత్రం రుద్దకండి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే చూపించండి.