వైరస్ రిసెప్టర్ న్యూరాన్ లోపలికి వెళ్లిందో లేదో తేల్చుకోవడం ఎలా

రిసెప్టర్ అంటే వైరస్ పట్టుకునే, సెల్ పైపొర మీది ప్రోటీన్. దాన్ని మెరిసే రంగుతో గుర్తించి చూస్తే సెల్ అంతా మెరిసిపోతోంది కాబట్టి రిసెప్టర్ లోపలికి వెళ్లిపోయిందని రాసేసుకోకండి, ఆ మెరుపులో చాలా భాగం పైపొర మీదే ఉండొచ్చు. కార్ (CAR) అనే రిసెప్టర్‌నే తీసుకుందాం, కాక్సాకీ వైరస్‌, అడినోవైరస్‌ రెండూ పట్టుకునేది దాన్నే, 1997లో గుర్తించారు.

రిసెప్టర్‌ను గుర్తించడానికి వాడే యాంటీబాడీ (దానికే అంటుకునే ప్రోటీన్) రిసెప్టర్ బయటి భాగాన్ని పట్టుకునేదై ఉండాలి. బతికున్న న్యూరాన్లకు దాన్ని 4 డిగ్రీల దగ్గర అరగంట ఇవ్వండి. ఆ చలిలో యాంటీబాడీ అంటుకుంటుంది గానీ లోపలికి పోదు. అసలు కష్టమంతా ఈ చలి నిలబెట్టడంలోనే ఉంది. మే నెల హైదరాబాద్‌లో ఐస్ ఎంతసేపు ఆగుతుందో మీకు తెలుసు కదా, ఓసారి మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగిపోతే, వేడి చేయకుండా ఐస్ మీదే ఉంచిన నా జీరో నిమిషాల కవర్‌స్లిప్‌లో (న్యూరాన్లు పెరిగే పల్చటి గాజు పలక) కూడా లోపలికి వెళ్లిన చుక్కలు కనిపించాయి, ఆ రోజు డేటా మొత్తం పారేశాను. అప్పటినుంచి ఐస్‌లో రేకు పరిచి, దానిమీద పారాఫిల్మ్ (మైనపు పొర), పారాఫిల్మ్ మీద 50 మైక్రోలీటర్ల యాంటీబాడీ చుక్క, ఆ చుక్క మీద న్యూరాన్లు కిందికి వచ్చేలా కవర్‌స్లిప్ బోర్లిస్తున్నాను.

కడిగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం ఉన్న బఫరే వాడండి, గోడ వెంబడి మెల్లగా జార్చండి. దోసె పెనం మీద నీళ్లు చల్లినట్టు పోస్తే న్యూరాన్లు ఊడిపోతాయి.

తర్వాత 37 డిగ్రీల మీడియంలో 5, 15, 30 నిమిషాలు. మళ్లీ ఐస్ మీదికి తెచ్చి ఫిక్స్ చేయండి, అంటే సెల్స్‌ను రసాయనంతో ఉన్నవున్నట్టు నిలిపేయండి. పొరకు రంధ్రాలు పెట్టకముందే ఎర్ర సెకండరీ (మొదటి యాంటీబాడీని పట్టుకునే, రంగు అంటించిన రెండో యాంటీబాడీ) దండిగా ఇస్తే పైన మిగిలినవన్నీ ఎర్రబడతాయి, పొరకు రంధ్రాలు పెట్టే ట్రైటాన్ డిటర్జెంట్ వేశాక ఆకుపచ్చ సెకండరీ ఇవ్వండి. ఎరుపు లేకుండా ఒట్టి ఆకుపచ్చగా ఉన్నవే లోపలికి వెళ్లినవి.

ఇంకో చిక్కుంది. యాంటీబాడీకి రెండు చేతులు, రెండు రిసెప్టర్లను దగ్గరికి లాగి అదే వాటిని లోపలికి నెట్టగలదు, అందుకే ఒంటిచేతి ఫ్యాబ్ ముక్కతో కూడా చేసి చూడాల్సిందే.

న్యూరాన్ల పొడవాటి తీగల్లాంటి ఆక్సాన్లలో రిసెప్టర్ ప్రయాణం చూడాలంటే ఆమ్లంలో వెలిగే రంగుల మీద ఆధారపడకండి. మోటార్ న్యూరాన్లలో కుక్కల అడినోవైరస్, కార్ కలిసి వెళ్లే సంచుల్లో ఆమ్లం ఉండదని 2009లో తేలింది, ఆ రంగు వాటిని చూపించదు.