రువెంజోరి ఎక్కేముందు జాగ్రత్తలు

ఉగాండా, కాంగో సరిహద్దులోని ఈ పర్వతాలకు వెళ్లేవారు ఎత్తు కంటే ముందు బురదకు భయపడాలి.

• మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి. బుజుకు లోయ చిత్తడిలో ఒక గడ్డి దుబ్బు మీంచి ఇంకో దుబ్బు మీదకు అడుగు వేస్తూ పోవాలి. గురి తప్పితే కాలు అమాంతం దిగబడుతుంది, లాగితే బూటు అక్కడే ఉండిపోతుంది. ఖరీదైన తోలు బూట్లు ఇక్కడ దండగ.

• వాన ఏడాదంతా ఉంటుంది. డిసెంబరు–ఫిబ్రవరి, జూన్–ఆగస్టు నెలల్లో కాస్త తెరిపి, అంతే. పొడి మేజోళ్లు, పడక సంచి విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి.

• ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి. ఆ పత్రాన్ని తిరిగి భారత్‌లో దిగేటప్పుడూ అడుగుతారు.

• ఇక్కడ అన్నిటికంటే ఎత్తైన మార్గరీటా శిఖరం 5,109 మీటర్లు. తలనొప్పితో పాటు వాంతులు, తూలుడు మొదలైతే కిందికి దిగాల్సిందే. ‘ఇంకొక్క గంటే కదా’ అనేవారి మాట వినకండి.

• హిమానీనదాలు ఏటా తరిగిపోతున్నాయి, దారులూ మారుతున్నాయి. పాత ఫొటోలు నమ్మకుండా తాడు, మంచు మీద జారకుండా బూట్లకు తగిలించే ముళ్ల సంగతి గైడునే అడగండి.

• ఈ కొండ ప్రాంతంలో ఉండే బకోంజో ప్రజలకు ఆ మంచు శిఖరాలు కితసాంబ దేవుడి నివాసం. అక్కడ చెత్త పారేయడం, వెకిలి కేకలు వద్దు. మనిషిని మించి పెరిగే లొబీలియా మొక్కలను ఫొటో కోసం వంచకండి.