వెనక సీటు తీసి చూశాకే బేరం

మొదటిసారి చూడ్డానికి వెళ్లిన రోవర్ అద్దంలా మెరిసిపోతోంది. 1971 నాటి పీ6 3500 మోడల్ కారు. రంగు పేరు టొబాకో లీఫ్, పేరుకు తగ్గట్టే పొగాకు ఛాయ. అడిగింది తొమ్మిది వేల పౌండ్లు. నేను అప్పటికే దాన్ని మనసులో మా ఇంటి ముందు నిలబెట్టేసుకున్నాను. నాతో వచ్చిన స్నేహితుడు ముప్పై ఏళ్లుగా ఈ కార్లతోనే ఉన్న మెకానిక్. ఆయన ఆ మెరుపు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అమ్ముతున్న పెద్దాయనని అడిగి, వెనక తలుపు తీసి, సీటు కింది భాగాన్ని బయటికి తీశాడు. అడుగున ఉన్న రేకుని స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాడు. టంగుమనాల్సిన చోట మెత్తగా చప్పుడైంది. వేలితో గీకితే తుప్పు పూతరేకుల్లా పొరలు పొరలుగా లేచి వచ్చింది. సీటు మళ్లీ పెట్టేసి, పెద్దాయనకు థాంక్స్ చెప్పి వచ్చేశాం. దారంతా నాకు బాధగానే ఉంది. ఆ రోజు కొనకపోవడం ఎంత మంచిదైందో తర్వాత తెలిసింది.

పాత బ్రిటిష్ సెలూన్ కార్లలో నాకు ప్రాణం రోవర్ పీ6. 1963 అక్టోబర్‌లో రోవర్ 2000 పేరుతో వచ్చింది. 1977 దాకా ఇంగ్లండ్‌లోని సోలిహల్ ఫ్యాక్టరీలో తయారైంది. యూరోపియన్ కార్ ఆఫ్ ది ఇయర్ అవార్డు మొదలైన 1964లో ఆ మొదటి అవార్డు దీనికే దక్కింది. కొనాలనుకునేవాళ్లు దీని గురించి అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఈ కారుకి ఎముకల గూడు వేరు, చర్మం వేరు. బేస్ యూనిట్ అనే ఉక్కు గూడే కారు బరువంతా మోస్తుంది. వింగులు (చక్రాల మీది రేకులు), తలుపులు, పైకప్పు దాని మీద బోల్టులతో బిగించిన రేకులు, అంతే. గీత పడిన వింగు విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు కాబట్టి బాగుచేయడానికి ఇది గొప్ప సౌకర్యం. కానీ కొనేటప్పుడు ఇదే సౌకర్యం మోసం చేస్తుంది. లోపల గూడు కరిగిపోతున్నా, పైన కొత్త రేకులు వేసి రంగు కొడితే పెళ్లికొడుకులా కనిపిస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ కారు విషయంలో అక్షరాలా నిజం.

అందుకే చూడ్డానికి వెళ్లేటప్పుడు పాత బట్టలు వేసుకోండి. టార్చి, మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, నేల మీద పరుచుకోవడానికి ఒక చాప దగ్గరుంచుకోండి. వాన పడే రోజు వెళ్లొద్దు, తడిసిన కారు ఏదైనా బాగానే కనిపిస్తుంది. అయస్కాంతం బోనెట్‌కీ డిక్కీ మూతకీ అతుక్కోదు. అవి అల్యూమినియంతో చేసినవి కాబట్టి కంగారు పడకండి. మిగతా చోట్ల అతుక్కోకపోతే మాత్రం రంగు కింద ఫిల్లర్, అంటే తుప్పు చిల్లులు పూడ్చిన పుట్టీ, ఉందని అర్థం.

గూడులో ముందు సిల్స్, అంటే తలుపుల కింద పొడవునా ఉండే ఉక్కు దూలాలు, చూడాలి. తలుపుల కింద బయటికి కనిపించేది కవర్ మాత్రమే, బరువు మోసే అసలు సిల్ దాని వెనక ఉంటుంది. వీలైతే కవర్ తీయించి చూడండి. తర్వాత వెనక చక్రాల పైభాగం, వెనక సీటు కింద, డిక్కీ మూలలు. డిక్కీలో మ్యాట్ ఎత్తి చేత్తో తడమండి, తడి తగిలితే వాన నీళ్లు దిగుతున్నట్టే. ముందు వైపు బోనెట్ తీసి, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న బల్క్‌హెడ్ గోడని ప్రత్యేకంగా చూడండి. మామూలు కార్లలో ముందు స్ప్రింగులు నిలువుగా ఉంటాయి. ఇందులో అడ్డంగా పడుకుని ఆ గోడకే బరువు నెడతాయి. రోవర్ వాళ్లు అప్పట్లో గ్యాస్ టర్బైన్ ఇంజిన్ల మీద పనిచేస్తున్నారు, దానికి చోటు మిగలాలని ఇలా అమర్చారు. టర్బైన్ ఉన్న పీ6 అమ్మకానికి రానేలేదు. కానీ 1961 నాటి టీ4 అనే ప్రయోగపు కారు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఉంది. కొనకముందు ఒక పూట అక్కడికి వెళ్లి రండి. మీరు కొనబోయే కారు వెనక ఎంత ధైర్యం ఉందో అది చూస్తే తెలుస్తుంది.

సీటు తీయడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే? నేనైతే అక్కడితో ఆపేస్తాను. తన కారుని నిజంగా ప్రేమించినవాళ్లు లోపల కూడా చూపించాలనే అనుకుంటారు. నేను చివరికి కొన్న కారు ఒక రిటైరైన టీచర్‌ది. నేను నోరు తెరవకముందే ఆవిడ "ముందు వెనక సీటు తీసి చూడండి" అన్నారు. వెల్డింగ్ చేయించిన ప్రతిసారీ తీయించిన ఫొటోలు, బిల్లులు ఒక ఫైల్లో తేదీల వారీగా పెట్టారు. ఆ ఫైలు చూశాక బేరమాడడానికి మనసు రాలేదు, ఆవిడ అడిగిన 6,200 పౌండ్లూ ఇచ్చాను.

ఇంజిన్ విషయం దీని తర్వాతే. ఇంజిన్ని బాగుచేయించడం గూడుని బాగుచేయించడంతో పోలిస్తే చిన్న పని. రోవర్ 2000 మోడల్‌లో 1978 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఉంటుంది. 1966లో వచ్చిన టీసీ మోడల్‌కి రెండు కార్బ్యురేటర్లు. 1968లో వచ్చిన 3500లో 3528 సీసీ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. అది అమెరికాలో బ్యూక్ కార్ల కోసం తయారై, అక్కడ పక్కన పెట్టేసిన అల్యూమినియం ఇంజిన్. రోవర్ దాని హక్కులు కొనుక్కుంది. లాగుడు గొప్పగా ఉంటుంది, పెట్రోలు కూడా అలాగే తాగుతుంది. నా లెక్కలో మొదటిసారి కొనేవాళ్లకి 2000 టీసీ చాలు. వీ8 కోసం అందరూ పోటీ పడతారు కాబట్టి, అదే డబ్బుకి 2000 మోడల్‌లో మంచి గూడు దొరుకుతుంది.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే ఫోన్లో చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా తగిలితే, మీరు రాకముందే స్టార్ట్ చేసి ఏదో దాస్తున్నారేమో అని అనుమానించాలి. 2000 మోడల్‌లో ఇంజిన్ బ్లాక్ పక్కన బిగించిన పలకలు తుప్పు పట్టి కూలెంట్ కారుతుంది, అక్కడ టార్చి వేసి మరకలు వెతకండి. వీ8 స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టక్కుటక్కుమంటే పర్వాలేదు. ఆ చప్పుడు ఆగకపోతే వాల్వుల్ని తెరిచే క్యామ్ అరిగిందనో, ఆయిల్ సరిగా మార్చలేదనో అనుకోవాలి. ఆయిల్ పోసే మూత తీసి చూడండి, లోపల నల్లటి జిడ్డు పేరుకుని ఉంటే నిర్లక్ష్యం చేశారన్నమాట.

నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులే. ఆ కాలానికి అది పెద్ద విశేషం. కానీ వెనక డిస్కులు చక్రాల దగ్గర కాకుండా రెండు వెనక చక్రాల మధ్య, వాటికి శక్తి పంచే డిఫరెన్షియల్ పక్కన ఉంటాయి. చెయ్యి దూరడం కష్టం కాబట్టి చాలామంది మెకానిక్‌లు వాటి జోలికి పోరు. పైగా డిఫరెన్షియల్ సీల్స్ పోతే ఆయిల్ నేరుగా డిస్కుల మీదే పడుతుంది. కాస్త ఎత్తున్న రోడ్డు మీద ఆపి హ్యాండ్‌బ్రేక్ వేసి చూడండి. కారు జారితే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి, అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఇక బ్రిటన్‌లో కాగితాలు. వీ5సీ లాగ్‌బుక్‌లో (రిజిస్ట్రేషన్ పత్రంలో) ఉన్న ఛాసిస్ నంబర్, కారు మీది నంబర్ ఒకటేనా చూసుకోండి. లాగ్‌బుక్ యాజమాన్యానికి రుజువు కాదు, అందుకే సంతకం పెట్టిన రసీదు విడిగా తీసుకోండి. నలభై ఏళ్లు దాటిన కారుని హిస్టారిక్ వర్గంలో నమోదు చేస్తే రోడ్డు ట్యాక్స్ ఉండదు, పొగ ఎక్కువ వదిలే బళ్ల మీద లండన్‌లో వేసే యూలెజ్ చార్జీ కూడా పడదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. కట్టాల్సింది సున్నా అయినా, కొన్నాక మీ పేరు మీద ట్యాక్స్ చేయించాకే రోడ్డెక్కాలి. పాత ఓనర్ ట్యాక్స్ మీకు రాదు. పెద్ద మార్పులేవీ చేయని కారైతే ఎంఓటీ, అంటే ఏటా చేయించే భద్రతా పరీక్ష, కూడా తప్పనిసరి కాదు. నేను మాత్రం ప్రతి ఏడాదీ చేయిస్తాను. గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. ఆ డబ్బుకి మనకి సంబంధం లేని మనిషి ఒకరు కారుని పైకెత్తి అడుగంతా చూసి చెబుతున్నారంటే అది నాకు చాలా చవక. కొనకముందు కారు నంబర్ కొట్టి పాత ఎంఓటీల చరిత్ర ఆన్‌లైన్లో ఉచితంగా చదవండి. ఏటా తుప్పు అనే మాట వచ్చి, ఒక ఏడాది నుంచి అసలు టెస్టే లేకపోతే, ఎందుకు మానేశారో అడగండి. ఇన్సూరెన్స్ మాత్రం ముందే విలువ ఒప్పుకునే పాలసీ తీసుకోండి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు దీన్ని మామూలు పాత కారుగా లెక్కగడతారు.

ఇంటికి తెచ్చుకున్నాక దాన్ని గ్యారేజీలో దాచొద్దు. వారానికోసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా తిప్పండి. 2021 నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10, అందులోని ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది. ఇథనాల్ తక్కువుండే సూపర్ అన్‌లెడెడ్ ఈ5 పోయించండి. మూడు వేల మైళ్లకోసారి ఆయిల్, రెండేళ్లకోసారి కూలెంట్ మార్చండి. అల్యూమినియం ఉన్న ఇంజిన్‌కి ఉత్త నీళ్లు విషంతో సమానం. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లిన రోజుల్లో మాత్రం బయటికి తీయకండి.

ఇన్ని జాగ్రత్తలు ఎందుకో తెలియాలంటే దీన్ని చిన్న రోడ్ల మీద నడపాలి. వెనక చక్రాలు రెండిటినీ ఒక గొట్టంతో కలిపే డి డియాన్ అమరిక వల్ల గతుకుల్లోనూ చక్రాలు నిటారుగా నిలబడతాయి. యాభై మైళ్ల వేగంలో కారు నేలని తడుముకుంటూ పోతున్నట్టుంటుంది. నాలుగే గేర్లు కాబట్టి మోటర్‌వే మీద ఇంజిన్ కాస్త అరుస్తుంది, అది దీని చోటు కాదు. వెనక సీటు ఇద్దరికే, రెండు కుర్చీల్లా మలిచారు. మా అమ్మ వచ్చినప్పుడు అందులో కూర్చుని లెమింగ్టన్ నుంచి వార్విక్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక "ఇంకో చుట్టు తిప్పరా" అంది.

ఒక్కసారి చీకటి పడ్డాక కూడా నడపండి. ముందు వింగుల అంచున సైడ్‌లైట్ల గాజు కొస కొద్దిగా పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. దీపం వెలిగితే ఆ వెలుగు డ్రైవర్ సీట్లోంచి కనిపించాలని అలా చేశారు. ఎడమన ఒకటి, కుడిన ఒకటి. కారు మలుపు తిరిగితే వాటి వెనక రోడ్డు పక్క పొదలు కదులుతుంటాయి, ఆ రెండు చుక్కలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.