నాయనమ్మతో, పిల్లలతో టెక్సస్‌లో టెంట్ వేసే ముందు

మే చివర్లో బడులు మూస్తారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతారు. ఇక డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఎన్‌చాంటెడ్ రాకా, పెడర్నాలెస్ ఫాల్సా, గార్నరా అని చర్చ మొదలవుతుంది. సరిగ్గా ఆ వారాలే ఈ పార్కులున్న కొండప్రాంతం, హిల్ కంట్రీలో, ఆకస్మిక వరదల కాలం. అది దాటితే వంద డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండ. ఎలుగుబంట్ల గురించి అడిగేవాళ్ళు ఎక్కువ గానీ, ఈ పార్కుల్లో భయపడాల్సినవి నీళ్ళు, ఎండ, మన స్టవ్, ఈ మూడే. మూడింటికీ మందు చాలావరకు ఇంట్లో బయల్దేరక ముందే ఉంటుంది.

సైట్ బుక్ చేసేటప్పుడు

టెక్సస్ స్టేట్ పార్కుల్లో క్యాంప్‌సైట్లు 5 నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు. లాంగ్ వీకెండ్ కావాలంటే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని కూర్చోవాల్సిందే. మామూలుగా ఒక సైట్‌లో 8 మందికి మించి ఉండనివ్వరు. కాబట్టి మూడు కుటుంబాలు ఒక్క సైట్‌తో సర్దుకుందాం అనుకుంటే గేటు దగ్గరే గొడవ.

ఫోటోలు చూసి కాదు, సైట్ రకం చూసి ఎంచుకోండి. ఎన్‌చాంటెడ్ రాక్‌లో కారు టెంట్ దాకా రాదు, సామానంతా పార్కింగ్ నుంచి మోయాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో, 40 కిలోల సామానుతో అది సరదా కాదు. పెద్దవాళ్ళుంటే కరెంటు, నీళ్ళు ఉన్న సైట్ తీసుకోండి. టేబుల్ ఫ్యాన్ ఒకటి పెట్టినా రాత్రి నిద్ర పడుతుంది. కొన్ని పార్కుల్లో స్క్రీన్డ్ షెల్టర్లు ఉంటాయి, అంటే పైన కప్పు, చుట్టూ దోమతెర ఉన్న గది. మా లెక్కలో నాయనమ్మకి అదే సరైన టెంట్. బాత్రూమ్ ఎంత దూరమో మ్యాప్‌లో చూసుకోండి. రాత్రి రెండుసార్లు లేచేవాళ్ళకి ఆ దూరమే ముఖ్యం.

నీళ్ళు పైకి వచ్చేటప్పుడు

2025 జులై 4 తెల్లవారుజామున కెర్ కౌంటీలో గ్వాడలూప్ నది ముప్పావు గంటలో సుమారు 26 అడుగులు పెరిగింది. వందమందికి పైగా పోయారు. 2015లో మెమోరియల్ డే వారాంతంలో వింబర్లీ దగ్గర బ్లాంకో నది కూడా రాత్రిపూటే పొంగింది. ఇక్కడి నేల పలచటి మట్టి, కింద సున్నపురాయి. పడ్డ వాన ఇంకదు, జారి నేరుగా ఏట్లోకి వస్తుంది. మీ నెత్తిన ఒక్క చుక్క పడకపోయినా ఎగువన కురిస్తే చాలు.

టెంట్ వేసే ముందు తలెత్తి చెట్టు కొమ్మల్లోకి చూడండి. ఎండిన గడ్డి, పుల్లలు, ప్లాస్టిక్ కవర్లు కొమ్మకి చుట్టుకుని వేలాడుతుంటే, ఇంతకుముందు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని అర్థం. ఏటి ఒడ్డున సైప్రస్ చెట్లకి అది నా తల ఎత్తుకి రెండింతలు కనిపించినా ఆశ్చర్యపోను. ఏరు కనిపించే సైట్ కన్నా ఏరు వినిపించే సైట్ మంచిది. కారు ముందు భాగం బయటికి వెళ్ళే దారి వైపు తిప్పి పార్క్ చేయండి. తాళాలు ఎక్కడుంటాయో పెద్దవాళ్ళందరికీ తెలియాలి.

ఫోన్‌కి అలర్ట్ వస్తుందిలే అనుకోవద్దు, చాలా పార్కుల్లో సిగ్నల్ ఉండదు. చేత్తో తిప్పితే ఛార్జ్ అయ్యే వెదర్ రేడియో ఒకటి కొనుక్కోండి. వాతావరణ శాఖ ప్రసారాలు 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య వస్తాయి. అందులో 'వాచ్' అన్నారంటే వరదకి అనువైన పరిస్థితి ఉందని. 'వార్నింగ్' అన్నారంటే వరద వచ్చేసింది, లేదా వస్తోంది. వాచ్ ఉన్న రాత్రి ఏటి పక్కన పడుకోకండి.

పగలు ఏట్లో ఆడుతున్నప్పుడు తేటగా ఉన్న నీళ్ళు మట్టిరంగుకి మారినా, ఆకులూ పుల్లలూ తేలుతూ వచ్చినా, హోరు పెరిగినా పిల్లల చెయ్యి పట్టుకుని ఎత్తైన చోటికి వెళ్ళిపోండి. కూలర్ కోసం, చెప్పుల కోసం వెనక్కి తిరగొద్దు. తిరుగుదారిలో రోడ్డు మీదుగా నీళ్ళు పారుతుంటే కారు దింపొద్దు. పారే నీళ్ళు 6 అంగుళాలుంటే మనిషి పడిపోతాడు, 12 అంగుళాలకి చిన్న కారు కొట్టుకుపోతుంది, 2 అడుగులకి చాలా బళ్ళు తేలిపోతాయి. ముందున్న ట్రక్కు దాటింది కదా అనేది కారణం కాదు.

పెడర్నాలెస్‌లో జలపాతం దగ్గర ఈత నిషేధం. ఈత కొట్టే చోటు దిగువన వేరే ఉంది, అక్కడా లైఫ్‌గార్డ్‌లు ఉండరు. ఈత రాని పెద్దవాళ్ళకి కూడా లైఫ్ జాకెట్ వేయించండి. మోకాలి లోతే కదా అని దిగుతారు, నాచు పట్టిన సున్నపురాయి మీద కాలు జారుతుంది, పక్కనే నిలువు లోతు ఉంటుంది. గ్రూప్ ఫోటోల దగ్గర ఒక నియమం పెట్టుకోండి: ఫోటో తీసేవాళ్ళు ఒక చోట నిలబడ్డాక కదలరు, సర్దుకోవాల్సింది ఎదుటివాళ్ళే. వెనక్కి అడుగులేస్తూ పడేది ఎప్పుడూ ఫోన్ పట్టుకున్నవాళ్ళే.

ఎండ, ఎక్కడం

ఎన్‌చాంటెడ్ రాక్ చుట్టూ ఉన్న నేల నుంచి 425 అడుగులే. తిరుపతి మెట్లు ఎక్కినవాళ్ళకి ఇదెంత అనిపిస్తుంది. కానీ ఇక్కడ నీడ లేదు, పైకప్పు లేదు, గులాబీ రంగు గ్రానైట్ కింద నుంచి కూడా కాలుతుంది. వేసవిలో ఉదయం గేటు తెరవగానే మొదలుపెట్టి 10 గంటలకల్లా దిగిపోవాలి.

నీళ్ళు గంటకి మనిషికి కనీసం అర లీటరు. ఐదుగురు, మూడు గంటలు అంటే ఏడున్నర లీటర్లు, అంటే ఏడున్నర కిలోలు. ఎవరు మోస్తారో ఇంట్లోనే తేల్చుకోండి. సగం నీళ్ళు అయిపోగానే, ఎక్కడున్నా సరే, వెనక్కి తిరగాలి. చెమట పట్టేటప్పుడు వట్టి నీళ్ళే తాగితే ఉప్పు తగ్గిపోతుంది, జంతికలో, ఉప్పు వేరుశనగలో వెంట ఉంచండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ కుప్పగా కాకుండా చెంచా అంచుకి సమంగా కొలిచి కలపండి.

తలనొప్పి, వికారం, విపరీతమైన చెమట ఉంటే నీడలో కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తాగించండి. మాట తడబడినా, ఎక్కడున్నామో తెలియకపోయినా అది వడదెబ్బ. 911కి ఫోన్ చేసి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి, స్పృహ సరిగ్గా లేనివాళ్ళ నోట్లో ఏమీ పోయొద్దు. బీపీకి నీళ్ళ మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వాడే పెద్దవాళ్ళలో ఒంట్లో నీళ్ళు త్వరగా తగ్గిపోతాయి. బయల్దేరేముందు వాళ్ళ డాక్టర్‌ని అడగండి. ఇన్సులిన్ 86 ఫారెన్‌హీట్ దాటకూడదు, గడ్డ కట్టనూ కూడదు. అందుకని కూలర్‌లో ఐసుకి తగలకుండా గుడ్డ చుట్టి పెట్టాలి. కారులో మాత్రం వదలొద్దు, పది నిమిషాల్లో లోపలి వేడి దాదాపు 20 డిగ్రీలు పెరుగుతుంది.

ఉరుము వినిపిస్తే ఆ బండ మీద నుంచి వెంటనే దిగి కారులోకి వెళ్ళాలి. పిక్నిక్ షెడ్డు రక్షణ కాదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

పిల్లలకి తలా ఒక విజిల్ మెడలో వేయండి. తప్పిపోతే కదలకుండా ఒక చెట్టు దగ్గర నిలబడి మూడుసార్లు ఊదాలని నేర్పండి. ట్రైల్ మొదట్లో ఆ రోజు బట్టల్లో, బూట్లతో సహా, ఒక్కొక్కరికీ నిలువు ఫోటో తీయండి. జ్ఞాపకానికీ పనికొస్తుంది, వెతకాల్సి వస్తే రేంజర్‌కి చూపించడానికీ పనికొస్తుంది.

స్టవ్, దోసె పెనం

క్యాంప్‌లో దోసెలు వేస్తేనే పిల్లలకి పండగ. ప్రమాదం పెనంలో ఉంది. పక్కన గ్యాస్ క్యాన్ పడుకోబెట్టే చిన్న బ్యూటేన్ స్టవ్ మీద 12 అంగుళాల ఇనప పెనం పెడితే, దాని అంచు క్యాన్ గది మూత మీదికి వస్తుంది. పెనం వేడి కిందికి కొడుతుంది, క్యాన్‌లో ఒత్తిడి పెరుగుతుంది, పేలుతుంది. మంచి స్టవ్‌లలో ఒత్తిడి పెరిగితే గ్యాస్ ఆగే ఏర్పాటు ఉంటుంది, దాన్నే నమ్ముకోవద్దు. పెనం అంచు ఆ మూత దాకా రాకూడదు. గాలి ఆపడానికి స్టవ్ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ కట్టడమూ అంతే ప్రమాదం.

రెండు పొయ్యిల ప్రొపేన్ స్టవ్ ఇంతకన్నా నయం. ఒక పౌను ఆకుపచ్చ సిలిండర్ 10,000 బీటీయూల (వేడి కొలత) పొయ్యి ఒకటే నిండు మంట మీద ఉంటే రెండు గంటలొస్తుంది, రెండూ వెలిగిస్తే గంట. సిలిండర్ బిగించాక సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

వాన పడితే స్టవ్‌ని టెంట్ గుమ్మంలోకి లాగాలనిపిస్తుంది. వద్దు. స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ టెంట్‌లోకి, షెల్టర్‌లోకి రాకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. వాన పూటకి ముందే పులిహోర చేసి పెట్టుకోండి. అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, చల్లారాక కలిపి, కూలర్‌లో పెట్టాలి. బయట తీస్తే రెండు గంటలు, 90 డిగ్రీలు దాటిన ఎండలో ఒక గంట, అంతే. చింతపండు ఉంది కదా పాడవదు అనే ధైర్యం మన ఊరి ప్రయాణాలది. దద్దోజనం గురించి చెప్పనే అక్కర్లేదు.

కట్టెలు పార్కులో ఏరకూడదు, అక్కడో దగ్గర్లోనో కొనుక్కోవాలి. కౌంటీలో బర్న్ బ్యాన్ (ఆరుబయట మంట వేయకూడదనే నిషేధం) ఉందేమో ముందురోజు పార్కుకి ఫోన్ చేసి అడగండి. ఉంటే కట్టెల మంట లేనట్టే, గ్యాస్ స్టవ్ వాడొచ్చో లేదో కూడా అప్పుడే అడగాలి.

రాత్రి

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి, అంత్యాక్షరి తొమ్మిదిన్నరకే ముగించండి. ఎన్‌చాంటెడ్ రాక్‌లో ఆకాశం నిజంగా చీకటి, పాలపుంత కనిపిస్తుంది. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ చుడితే కళ్ళు చీకటికి అలవాటుపడే ఉంటాయి. బాత్రూమ్‌కి మాత్రం మామూలు టార్చి, బూట్లు, హవాయి చెప్పులు కాదు. పాము కరిస్తే కట్టు కట్టడం, గాటు పెట్టడం, ఐసు పెట్టడం ఏవీ వద్దు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేసి 911కి ఫోన్ చేయండి. పొద్దున బూట్లు దులిపి వేసుకోవాలి, లోపల తేలు ఉండొచ్చు. ఇంటికొచ్చాక పిల్లల చెవుల వెనక, చంకల్లో, నడుము దగ్గర పిడుదులు పట్టాయేమో వెతకండి. దొరికితే పట్టుకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగాలి.

బయల్దేరే ముందు నిప్పు మీద నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోయండి. చేతి వెనక వైపు దగ్గర పెట్టి చూస్తే ఇంకా వెచ్చగా ఉంటే మరో బకెట్.