అడ్రినల్ పరీక్షలో అనుకోని ఇబ్బంది ఎదురైతే ఏం చేయాలి?

మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల పనితీరు చూడడానికి ఎక్కువగా రాసేది ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ పరీక్ష. ఏసీటీహెచ్ అంటే ఆ గ్రంథులను పనిచేయించే, పీయూష గ్రంథి (పిట్యూటరీ) నుంచి వచ్చే హార్మోన్. ముందు ఒకసారి రక్తం తీసి, 250 మైక్రోగ్రాముల సినాక్తెన్ (కృత్రిమ ఏసీటీహెచ్) ఇంజెక్షన్ ఇచ్చి, 30, 60 నిమిషాలకు మళ్లీ రక్తం తీసి, అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ హార్మోన్ ఎంత పెరిగిందో చూస్తారు. మన దేశంలో ఆ మందు సులభంగా దొరకదు కనుక, చాలాచోట్ల పంది పీయూష గ్రంథి నుంచి తయారుచేసిన ఏసీటీహెచ్ జెల్‌ను కండకు ఇస్తారు.

మొదటి పని ఇంటి దగ్గరే మొదలవుతుంది. ఉబ్బసం, అలర్జీలు, గతంలో ఏ ఇంజెక్షన్‌కైనా దద్దుర్లు వచ్చిన సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. వాడుతున్న మందులన్నీ, కీళ్లనొప్పులకు ఊళ్లో తెచ్చుకున్న పేరులేని మాత్రలతో సహా, వెంట తీసుకెళ్లాలి. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండడం అరుదేమీ కాదు, అది పరీక్ష ఫలితాన్ని మార్చవచ్చు. హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ కొరత తీర్చే స్టెరాయిడ్) మాత్రలు వాడేవారు ఏ మోతాదు ఆపాలో డాక్టరునే అడగాలి తప్ప సొంతంగా ఆపకూడదు. ఆపిన ఉదయపు మాత్రను జేబులో పెట్టుకొని వెళ్లి, చివరి రక్తం తీయగానే వేసుకోవచ్చో లేదో అక్కడే అడగడం మంచిది.

ఇంజెక్షన్ తర్వాత ముఖం వేడెక్కడం, కొద్దిగా వికారం అనిపించడం మామూలే. సూది చూసి కళ్లు తిరిగితే పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెడితే సాధారణంగా కొద్దిసేపట్లో తేరుకుంటారు. అయితే ఒళ్లంతా దురద, దద్దుర్లు, పెదవులో నాలుకో వాయడం, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం తీవ్రమైన అలర్జీ లక్షణాలు. ఇది అరుదు, వస్తే ఎక్కువగా మొదటి అరగంటలోనే వస్తుంది. ఆ క్షణమే నర్సును పిలవాలి. తొడ కండకు అడ్రినలిన్ ఇవ్వడమే మొదటి చికిత్స, అలర్జీ మాత్ర వేసి చూద్దామనడం ప్రమాదకరం. అందుకే గంటసేపు ఆసుపత్రి దాటి వెళ్లకూడదు, టీ తాగడానికైనా సరే.

మాత్ర ఆపినవారిలో విపరీతమైన నీరసం, వాంతులు, కడుపునొప్పి, బీపీ పడిపోవడం కనిపిస్తే అది అలర్జీ కాకపోవచ్చు, కార్టిసాల్ కొరత ముదిరి ఉండవచ్చు. అప్పుడు పరీక్ష పూర్తయ్యేదాకా ఆగరు. పెద్దవారికి 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్ వెంటనే ఇస్తారు.

ఇదే పనికి ఇన్సులిన్ ఇచ్చి చేసే ఇన్సులిన్ టాలరెన్స్ పరీక్ష సంగతి వేరు. అందులో రక్తంలో చక్కెరను డెసిలీటరుకు 40 మిల్లీగ్రాముల కంటే కిందికి కావాలనే దించుతారు కనుక చెమటలు, వణుకు, గుండెదడ ఆశించినవే. మగతగా ఉండి మాటకు బదులివ్వకపోతే మాత్రం గ్లూకోజ్ ఎక్కించాలి. గుండెజబ్బు, ఫిట్స్ ఉన్నవారికి ఈ పరీక్ష చేయరు. చేయించుకున్నవారు భోజనం చేశాకే ఇంటికి బయలుదేరాలి, బండి నడపకూడదు.

ఏ ఇబ్బంది వచ్చినా అది ఎన్ని నిమిషాలకు మొదలైందో, ఏ మందు ఇచ్చారో కేసుషీటులో రాయించుకోవాలి. మధ్యలో హైడ్రోకార్టిసోన్ ఇచ్చి ఉంటే ఆ తర్వాత తీసిన రక్తంలో అదీ కార్టిసాల్‌గానే లెక్కకు వస్తుంది, కాబట్టి ఆ ఫలితం పనికిరాదు. అలర్జీ వచ్చినవారికి మళ్లీ అదే ఇంజెక్షన్ ఇవ్వకుండా, మరో పద్ధతిలో గ్రంథిని పరీక్షించాలో లేదో ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల నిపుణుడు) తేలుస్తారు.